కందెన

పొద్దున ఏడింటికే బండిమెట్టలో దిగినాను,
కిర్రుమనే సైకిలు, చంకలో ఇంటిపన్ను రిజిస్టరు,
దాని మీద కొత్త ఫారం, పదకొండు గడులు.
వారసత్వ కట్టడాల సర్వే అంట.
వందేళ్లు దాటిన గోడ ఏదైనా సరే రాసుకో అన్నారు.

ట్రైనింగులో తెర మీద ఒక ఊరు చూపించినారు,
హాలెండు దేశంలో, మన ఆత్మకూరంత.
సముద్రం కంటే పల్లంలో ఉంటాదంట,
అయినా ఒక్క గడపా తడవలేదు.
కాలువ గట్టున ఇరుకు ఇళ్లు,
ప్రతి తలుపు నెత్తిన కట్టిన సంవత్సరం.
పద్ధతంటే అదీ, అన్నాడు ట్రైనింగాయన.
వెనక బెంచీలో ఎవరో గొణిగినారు:
"మనకీ ఉంది కదా సార్ కాలువ,
పడవల కోసమే తవ్వినారంట, బర్రెలు దిగినాయి."

ఈ ఊళ్లో గోడలు వయసు చెప్పవు.
నీళ్లు ఎంతవరకు వచ్చినాయో చెప్తాయి.
ఖడక్‌పురాలో ఖైరూన్‌బీ
నేను నోరు తెరవక ముందే వేలు పైకెత్తింది:
దూలానికి జానెడు కింద, ఒండ్రు రంగు గీత.
రెండువేల తొమ్మిది, గాంధీ జయంతి.
ఆ తర్వాత మూడుసార్లు సున్నం కొట్టించినారు,
మూడుసార్లూ గీత కాడ
సున్నమాయన చెయ్యి తనంతట తానే ఆగిందంట.
"ఉండనీ సాబ్. దాని కింద
ఏమేం పెట్టుకున్యామో మాకే ఎరుక."
నాలుగో గడి: నిర్మాణ శైలి.
రాసినాను: మునిగి తేలినది.

చిత్తారిగేరిలో బోర్డులు రాసే వీరోజి
వక్కాకు ఒక దవడకు తోసి లెక్క చెప్పినాడు:
"మూడేండ్లు రాజధాని మనం.
డేరాలేసినారు, డేరాలు పీకినారు.
గూటాలు దిగిన గుంతలు
మేమే పూడ్చుకున్యాము."
నిచ్చెనేసి అటక మీది పలక దింపినాడు.
నీలం మీద తెలుపు, వాళ్ల నాయన చేతిరాత:
'...మంత్రి వారి కార్యాలయము'.
ఏ మంత్రో తెలీదు, ఆ ముక్క చెదలు తినింది.
దాని మీద ఇన్నాళ్లూ జొన్నల డబ్బా ఉండిందంట,
గుండ్రటి మచ్చ పడింది, రాజముద్ర మాదిరి.
"దీన్ని రాసుకుంటావా?"
గోడ కాదు కదా అన్నాను.
నవ్వినాడు. మళ్లీ ఎక్కించినాడు.

బురుజు గురించి నేను రాయనక్కర లేదు,
దానికి వేరే ఆఫీసుంది.
మేమెవరం దాన్ని తల ఎత్తి చూడము.
బురుజు కాడ దిగుతాము, బురుజు కాడ ఎక్కుతాము,
బురుజు కాడ ఉండు, ఉగ్గాని తిని వస్తా అంటాము.
అంతకంటే గౌరవం ఏమిస్తాము?

ఎండ నెత్తికెక్కినాక మళ్లీ బండిమెట్ట.
మద్దిలేటి రేకుల షెడ్డు, ఆటోల బేరింగులు,
మోచేతుల దాకా గ్రీజు.
వయసెంత అని అడిగితే, నాదా షెడ్డుదా అన్నాడు.
షెడ్డుకు ఎనిమిదేండ్లు. ఫారంలో చోటు లేదు.
"మా జేజి చెప్పేది సార్.
అలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు
ఏరు దాటేముందు ఈడనే నిలబడేవంట.
ఇరుసులకు కందెన పూసి తోలేవాళ్లు.
అందుకే కందెనవోలు.
గుడేమో ఆ పక్క లేచింది.
పేరు గుడికొచ్చింది, జిడ్డు మనకొచ్చింది."
చెప్తానే నా సైకిలు తలకిందులు చేసి
చైనుకు వేలితో ఇంత పూసినాడు.
డబ్బులిస్తే కసురుకున్నాడు.

వారానికి ఫారం వాపసు వచ్చింది.
నాలుగో గడి పక్కన ఎర్రసిరా:
'మునిగి తేలినది. ఇది ఏ కాలపు శైలి? వివరించుము.'
హంద్రీ పోయి తుంగభద్రలో కలిసే చోట
సైకిలు దిగి నిలబడినాను.
ఇద్దరు పిల్లోళ్లు చాపలకు గాలం వేసినారు,
నీళ్లు మోకాలు కూడా రావు.
ఏం రాయాలో తోచక
ఇంటిదారి పట్టినాను.
చైను చప్పుడు చెయ్యలేదు.